కథ రాసేటప్పుడు పాటలు పెట్టుకోవాలా, వద్దా? ఎలా తేల్చుకోవాలి?

కథ రాయడానికి కూర్చోగానే కొందరి చెయ్యి ముందు ఇయర్‌ఫోన్స్ కోసం వెతుకుతుంది. ఇంకొందరు వంటింట్లో కుక్కర్ కూత పెట్టినా పెన్ను పక్కన పడేస్తారు. నేను రెండు రకాలుగానూ రాశాను. చాలా ఏళ్ల తర్వాత తెలిసొచ్చింది ఏమిటంటే, పాట మంచిదా చెడ్డదా అన్నది మన స్వభావం కన్నా, ఆ నిమిషంలో కథలో మనం చేస్తున్న పనిని బట్టి ఉంటుంది. ఒకే కథలో ఒకచోట పాట చెయ్యి పట్టుకుని నడిపిస్తుంది, ఇంకోచోట అదే పాట కథను మింగేస్తుంది. ఏది ఎక్కడో తేల్చుకోవడానికి నేను పాటించే పద్ధతి ఇది.

1. ముందు మాటలున్న పాటలు తీసేయండి

వాక్యం కాగితం మీదికి వచ్చే ముందు మనకు లోపల వినిపిస్తుంది. పెదవులు కదపకుండా మనం దాన్ని పలుకుతాం, బాగుందనిపిస్తే రాస్తాం. అలా విన్న మాటల్ని కొద్ది క్షణాల పాటు పట్టి ఉంచే ఏర్పాటు మన జ్ఞాపకశక్తిలో ఉందని 1974లో అలన్ బాడ్లీ, గ్రాహం హిచ్ అనే ఇద్దరు మనస్తత్వ శాస్త్రవేత్తలు చెప్పారు. చిక్కు ఎక్కడంటే, బయటి నుంచి వచ్చే మాటలు కూడా అక్కడికే వెళ్లి కూర్చుంటాయి. మనం వాటిని పట్టించుకోకపోయినా సరే.

తెలియని భాషలో పాట పెట్టుకుంటే సరిపోతుందని చాలామంది అంటారు. కొంత నయమే కానీ పూర్తిగా కాదు. 1976లో అమెరికాలో కోల్, వెల్ష్ అనే పరిశోధకులు కొందరికి అక్షరాల వరుసలు గుర్తుపెట్టుకునే పని ఇచ్చి, వెనకాల వాళ్లకు అర్థం కాని జర్మన్ భాషలో ఏదో చదివి వినిపించారు. అర్థం కాకపోయినా తప్పులు పెరిగాయి. మాట అనేది మాటలాగా వినిపిస్తే చాలు, అడ్డం పడుతుంది.

రాయడం మీదే చేసిన పరీక్ష కూడా ఒకటుంది. 2001లో రాన్స్‌డెల్, గిల్‌రాయ్ అనే ఇద్దరు పరిశోధకులు కాలేజీ విద్యార్థుల చేత కంప్యూటర్ మీద వ్యాసాలు రాయించారు. వెనకాల సంగీతం నడుస్తున్నప్పుడు వాళ్ల రాత వేగం తగ్గింది. అవి వ్యాసాలు, కథలు కావు. అయినా కథలో మాట పక్కన మాట కుదరాల్సిన అవసరం ఇంకా ఎక్కువ కాబట్టి ఈ ఫలితాన్ని నేను తేలిగ్గా తీసుకోను.

తెలుగులో రాసేవాళ్లకు అన్నిటికన్నా ప్రమాదం తెలుగు సినిమా పాట. చిన్నప్పటి నుంచి నోటికొచ్చిన పాటైతే మరీను. రెండో చరణంలోని విశేషణం ఒకటి మన వాక్యంలోకి వచ్చి కూర్చుంటుంది, అది మన సొంతమే అనుకుంటాం. వారం తర్వాత ఎవరో చదివి "ఇది ఫలానా పాటలోది కదా" అన్నప్పుడు గానీ తెలియదు.

2. వాద్య సంగీతంలోనూ మాటలుంటాయి, జాగ్రత్త

సరే, వీణో వేణువో పెట్టుకుందాం అనుకుంటారు. ఇక్కడ మనకు ఒక ప్రత్యేకమైన ఇబ్బంది ఉంది. కర్ణాటక సంగీతంలో వాద్యం మీద వాయించేది చాలావరకు కృతులే, అంటే సాహిత్యం ఉన్న పాటలే. అందులోనూ త్యాగరాజస్వామి కృతుల్లో ఎక్కువ భాగం తెలుగువే. వయొలిన్ మీద శ్రీరాగంలో 'ఎందరో మహానుభావులు' ఎత్తుకోగానే, తెలిసినవాళ్ల నాలుక లోపల్లోపలే సాహిత్యం పాడేస్తుంది. బయట గాయకుడు లేడు, ఆ పని మనమే చేస్తున్నాం. వాద్యమే కదా అని నేను ఏళ్ల తరబడి ఇదే పొరపాటు చేశాను.

కాబట్టి కృతుల జోలికి వెళ్లకుండా, సాహిత్యం లేకుండా రాగాన్నే వాయించే రాగాలాపనలు, తానాలు ఎంచుకోండి. తని ఆవర్తనం, అంటే కచేరీలో మృదంగం లాంటి తాళవాద్యాలు మాత్రమే మోగే భాగం, వద్దు. మృదంగం నడక మారిన ప్రతిసారీ చెవి అటు పోతుంది, పోవాలి కూడా, అది అందుకోసమే ఉంది. సినిమా నేపథ్య సంగీతం పెట్టుకుంటే మన కథలోకి ఆ సినిమా సీను వచ్చేస్తుంది.

నాకు అన్నిటికన్నా బాగా కుదిరింది తంబురా శ్రుతి. ఫోన్‌లో తంబురా యాప్‌లు ఉచితంగానే దొరుకుతాయి. ఏదో ఒక శ్రుతిలో సన్నగా పెట్టి వదిలేయండి. అందులో మాట లేదు, పాట లేదు, తర్వాత ఏం వస్తుందా అన్న ఎదురుచూపూ లేదు. పది నిమిషాలకు అది ఉందన్న సంగతి మర్చిపోతారు. ఆపేసినప్పుడే తెలుస్తుంది, గదిలోంచి ఏదో వెళ్లిపోయిందని.

3. పాటను రాయడానికి ముందు వినండి

పాటకు నిజంగా చోటున్నది ఇక్కడ. ఇంకా అక్షరం పెట్టలేదు, పాత్ర ఎలా నడుస్తుందో, ఇంట్లో వెలుగు ఎలా ఉందో ఊహిస్తున్నారు. అప్పుడు మీకిష్టమైన పాట ఏదైనా పెట్టుకోండి, మాటలున్నా ఫర్వాలేదు. వాకింగ్‌లో వినండి, గిన్నెలు తోముతూ వినండి. బల్ల దగ్గర కూర్చోగానే ఆపేయండి.

ఎందుకు ఆపాలో నాకు ఒక కథ నేర్పింది. పుట్టింటిని అమ్మేసిన రోజు ఇద్దరు అక్కచెల్లెళ్లు చివరిసారి ఆ ఇంటికి తాళం వేసే సన్నివేశం అది. ఇయర్‌ఫోన్స్‌లో వీణ మీద ఓ విషాద రాగం నడుస్తోంది. రాస్తూ ఏడ్చేశాను. ఇంత బాగా ఎప్పుడూ రాయలేదనుకుని పడుకున్నాను. మర్నాడు పొద్దున్నే, ఏ పాటా లేకుండా చదివితే కాగితం మీద ఉన్నవి ఇవి: "అక్క తలుపు వేసింది. కళ్లు తుడుచుకుంది. ఇద్దరి గుండెలూ బరువెక్కాయి." అంతే. ఏడిపించింది వీణ. ఆ దుఃఖమంతా నా చెవిలో ఉండిపోయింది, కథలోకి రానేలేదు.

ఆ రోజు నిశ్శబ్దంగా మళ్లీ కూర్చున్నాను. ఏమీ వినిపించకపోయేసరికి ఆ ఇల్లు కనిపించడం మొదలైంది. గడప మీద పోయిన పండక్కి రాసిన పసుపు సగం అరిగిపోయి ఉంది. తాళం వేశాక తాళంచెవి ఇల్లు కొన్నవాళ్లకు ఇవ్వాలి, వాళ్లు వీధిలో స్కూటర్ మీద ఎదురుచూస్తున్నారు. అక్క మాత్రం అలవాటు కొద్దీ దాన్ని కొంగుకు ముడేసుకుంది. చెల్లెలు చూసింది, ఏమీ అనలేదు. గుండె అన్న మాట మళ్లీ వాడాల్సిన అవసరం రాలేదు.

అందుకే ఒక నియమం పెట్టుకున్నాను: పాట వింటూ రాసినది ఎంత గొప్పగా అనిపించినా, మర్నాడు నిశ్శబ్దంలో చదివేదాకా దాన్ని నమ్మను.

4. మాటామంతీ రాసేటప్పుడు అన్నీ కట్టేయండి

వర్ణన, ప్రయాణం, ఒక పాత్ర ఒంటరిగా చేసే పని, ఇలాంటివి తంబురాతో సాగిపోతాయి. మనుషులు మాట్లాడుకునే చోట మాత్రం ఏ శబ్దమూ వద్దు. తెలుగులో మనిషి ఊరు, వయసు, చుట్టరికం, అవతలివాళ్ల మీద గౌరవం అన్నీ ఆ 'అండి'లో, ఆ 'రా'లో, ఆ దీర్ఘంలో ఉంటాయి. అది చెవితో పట్టుకోవాల్సిన సంగతి.

గోదావరి జిల్లాలో ఓ అత్తగారు అల్లుడితో మాట్లాడే చోట నేను సంగీతం వింటూ "అల్లుడుగారూ, భోజనం చేసి వెళ్లండి" అని రాశాను. తప్పు లేదు, ప్రాణం కూడా లేదు. మర్నాడు ఖాళీ గదిలో పైకి చదువుతుంటే నోరు దానంతటదే "కాళ్లు కడుక్కోండి బాబూ, వడ్డించేస్తాను" అంది. వాక్యాన్ని గట్టిగా చదివి, ఒక్క క్షణం ఆగి, అవతలి పాత్ర ఏమంటుందో వినండి. ఆ క్షణం ఖాళీగా ఉండాలి.

దిద్దుబాటు కూడా ఇంతే. పైకి చదువుతూ దిద్దండి.

5. నిశ్శబ్దం దొరకని ఇంట్లో ఏం చేయాలి?

మన ఇళ్లలో నిశ్శబ్దం అడగ్గానే దొరికేది కాదు. హాల్లో సీరియల్, పక్కింట్లో మిక్సీ, వీధి చివర ఫంక్షన్ మైకు. కుదిరితే తెల్లవారుజామున నాలుగున్నరకు లేవండి. నీళ్ల మోటారు వేసేలోపు, పాల ప్యాకెట్లు వచ్చేలోపు దొరికే గంట రోజంతటిలో దొరికే మూడు గంటలతో సమానం. పసిపిల్లలున్నవాళ్లకు, నైట్ షిఫ్టులు చేసేవాళ్లకు ఈ సలహా పనికిరాదని నాకు తెలుసు.

వాళ్లు శబ్దాన్ని శబ్దంతో కప్పాలి. ఎగుడుదిగుళ్లు లేని ఒకే రకం హోరు, మధ్యమధ్య వచ్చే మాటల్ని మూసేస్తుంది. సీలింగ్ ఫ్యాన్ స్పీడు పెంచడం అన్నిటికన్నా సులువు. ఫోన్‌లో వాన చప్పుడైనా పెట్టుకోవచ్చు. మెడికల్ షాపుల్లో మెత్తటి ఫోమ్ ఇయర్ ప్లగ్స్ దొరుకుతాయి. వేళ్లతో సన్నగా నలిపి చెవిలో పెడితే లోపల ఉబ్బుతాయి. టీవీ చప్పుడు పూర్తిగా పోదు కానీ మాటలు విడివిడిగా తెలియవు, అది చాలు.

6. ఫోన్‌ను ముందే సర్దండి

ట్రాక్ ముందే డౌన్‌లోడ్ చేసుకుని ఫోన్‌ను ఫ్లైట్ మోడ్‌లో పెట్టండి. మంచి వాక్యం మధ్యలో సబ్బు ప్రకటన వస్తే దాని నుంచి తేరుకోవడం కష్టం. ఆటోప్లే తీసేసి ఒకే ట్రాక్‌ను రిపీట్‌లో పెట్టండి. లేకపోతే తర్వాత ఏ పాట పెట్టాలా అని వెతుక్కోవడంలోనే అరగంట పోతుంది. వాల్యూమ్ సగానికి మించనివ్వకండి. పెద్దవాళ్లు వారానికి 40 గంటలు వినేటట్టయితే 80 డెసిబెల్స్ దాటకూడదని ప్రపంచ ఆరోగ్య సంస్థ చెబుతోంది. రోజూ రాసేవాళ్లు దీన్ని పట్టించుకోవాలి.

7. ఆరు రోజులు పరీక్షించి చూడండి

నా మాట నమ్మనక్కర్లేదు, మీరే చూసుకోండి. రోజూ ఒకే సమయంలో, ఒకే చోట 25 నిమిషాలు రాయండి. ఒక రోజు నిశ్శబ్దం, ఒక రోజు తంబురా, ఒక రోజు మీకు నచ్చిన పాటలు. మళ్లీ అదే వరుస. రాసిన పేజీ మీద తేదీ ఒక్కటే వేయండి, ఆ రోజు ఏం విన్నారో రాయకండి, వేరే కాగితం మీద తేదీతో గుర్తు పెట్టుకోండి. వారం ఆగి ఆరు పేజీలూ కలిపేసి చదవండి. ఏ వాక్యాలు ఉంచాలనిపిస్తే వాటి కింద గీత గీయండి. ఆ తర్వాత తేదీలు చూడండి. ఎన్ని మాటలు రాశామన్నది లెక్కపెట్టకండి, గీతలు లెక్కపెట్టండి.

8. పాట ఆపినా బుర్రలో తిరుగుతుంటే

ఇది అందరికీ ఉన్న టెన్షనే. ఇయర్‌ఫోన్స్ తీసేశాక కూడా పల్లవి ఆగదు. నేను చేసేది రెండు పనులు. మొదటిది, లేచి ఆ పాటను చివరిదాకా పూర్తిగా వినేయడం. నా విషయంలో ఎక్కువసార్లు మధ్యలో తెగిన పాటే తిరుగుతూ ఉంటుంది. రెండోది, ఏదైనా నమలడం. చూయింగ్ గమ్ నమిలితే బుర్రలో తిరిగే పాట తగ్గుతుందని ఇంగ్లండ్‌లోని రీడింగ్ యూనివర్సిటీ పరిశోధకులు 2015లో చూపించారు. దవడ వేరే పనిలో ఉంటే లోపలి పాటకు నోరు దొరకదు. నేను సోంపు నములుతాను. అది అయిపోయేసరికి పాట ఆగుతుంది, అప్పుడు పెన్ను తీస్తాను.