5వ పాఠం: చెప్పించకుండా వినడం

గూడేలకు వెళ్లే వాలంటీర్లుగా మీరు ఈ వారం, బెదిరిన మనసులు కుదుటపడేలా గుంపును కూర్చోబెట్టడం నేర్చుకోవాలి. అది కింద ఉంది. ముందు పోయిన పాఠం వల్ల గూడేల్లో జరిగిన నష్టం సంగతి మాట్లాడుకోవాలి. అదే తప్పు గుంపులో చేస్తే ఎనిమిది మందికి ఒకేసారి తగులుతుంది.

4వ పాఠంలో చూడడం, వినడం, సాయం చేయగలవాళ్లతో కలపడం అనే మూడు పనులు చెప్పుకున్నాం. ప్రపంచ ఆరోగ్య సంస్థ 2011లో తెచ్చిన మానసిక ప్రథమ చికిత్స పద్ధతికి ఈ మూడే పునాది. చూడడం, కలపడం బాగానే చేశారు. వినడం దగ్గరే ఎక్కువమంది జారారు. చర్ల, చింతూరు, తాడ్వాయి వైపు, ఇళ్లు తగలబడి ఛత్తీస్‌గఢ్‌లోని బస్తర్ నుంచి పారిపోయి వచ్చిన గొత్తికోయ గిరిజనుల గూడేలకు వెళ్లి, మంచం మీద కూర్చుని, నోటుపుస్తకం తెరిచి, "అక్కడ మీకేం జరిగింది?" అని అడిగారు. ఆ ఇంటి ఆడమనిషి చెప్పింది, ఏడ్చింది. మనసు తేలికైందనుకుని మీరు వచ్చేశారు. రెండోసారి వెళ్తే ఇంట్లో లేదన్నారు. మూడోసారి ఆడపడుచు ఎదురొచ్చి, మీరు వచ్చి వెళ్లినప్పటినుంచి వదిన రాత్రుళ్లు లేచి కూర్చుంటోందని చెప్పింది. చాలామంది అనుభవం కొద్ది తేడాలతో ఇదే.

తెలుగులో క్రియకు ‘ఇంచు’ చేరితే పని ఎవరి చేతిలో ఉందో మారిపోతుంది. చెప్పడం ఆమె చేతిలో ఉంటుంది. ఎప్పుడు మొదలుపెట్టాలో, ఎక్కడ ఆపాలో, ఏ ముక్క మింగేయాలో ఆమే చూసుకుంటుంది. చెప్పించడం మొదలుపెట్టగానే పగ్గం మీ చేతికి వస్తుంది. ఇల్లు తగలబడిన రాత్రి ఆమె చేతిలో ఏదీ లేదు. మీరు అడుగుతున్నప్పుడు మళ్లీ ఏదీ లేకుండా పోతుంది. వచ్చే పాఠాలన్నీ మరచిపోయినా ఈ ఒక్కటి మరవకండి.

కడుపులో పెట్టుకుంటే కుళ్లుతుంది, కక్కేస్తే తేలిక అని మనందరికీ చిన్నప్పటినుంచి నూరిపోశారు. సొంత మనిషి ఒళ్లో తల పెట్టి, తనకు తోచిన వేళ చెప్పుకునే దుఃఖానికి అది సరిపోతుంది. మీరు సొంత మనిషి కాదు, మీ వేళ ఆమె వేళ కాదు. వేగంగా, వరసగా చెప్పించినప్పుడు ఒళ్లు ఆ రాత్రిలోకే వెళ్లిపోతుంది. గుండె దడ, అరచేతుల్లో చెమట, చెవుల్లో హోరు మొదలవుతాయి. నలభై నిమిషాలకు మీరు బండి ఎక్కుతారు, ఆ దడ మాత్రం ఆమె దగ్గర ఉండిపోతుంది. చీకటి పడుతుంది, గూడెంలో కరెంటు ఉండదు, ఒళ్లు చల్లబరిచేవాళ్లు ఎవరూ ఉండరు.

పట్టణాల్లో, ఆసుపత్రుల్లో కూడా ఈ తప్పు ఏళ్ల తరబడి పద్ధతి పేరుతో నడిచింది. ప్రమాదం జరిగిన కొద్ది రోజుల్లోనే మనిషిని కూర్చోబెట్టి, ఒకే విడతలో మొత్తం చెప్పించేవారు. కాలిన గాయాలతో చేరినవాళ్లకు ఇలా చేసి చూసిన బ్రిటన్ పరిశీలన ఒకటి 1997లో వచ్చింది. 13 నెలల తర్వాత చూస్తే, చెప్పించినవాళ్లలో 26 శాతం మందికి పీటీఎస్‌డీ, అంటే ఆ ఘటన తాలూకు బెదురు నెలల తరబడి వదలని జబ్బు ఉంది, చెప్పించనివాళ్లలో 9 శాతానికే ఉంది. చెప్పించినవాళ్ల గాయాలు మొదటే కొంచెం ఎక్కువన్నది నిజమే. అయినా ఆ తర్వాత పరిశీలనలన్నీ కలిపి చూసినవాళ్లకు కూడా ఒక్క విడత చెప్పించడంలో మేలు కనపడలేదు. ప్రపంచ ఆరోగ్య సంస్థ ఆ పని చేయొద్దనే అంటోంది. జరిగినదాన్ని చెప్పిస్తూ నయం చేసే వైద్యం వేరే ఉంది. శిక్షణ పొందినవాళ్లు, వారాల తరబడి, చివరిదాకా అదే మనిషి తోడుండి చేస్తారు. రెండు గంటలు శిక్షణ తీసుకున్న వాలంటీరు పని అది కాదు.

మన ప్రాంతానికి ఇంకో కారణం ఉంది. 2005లో మావోయిస్టులకు ఎదురుగా గిరిజనులనే నిలబెట్టిన సల్వాజుడుం మొదలయ్యాక బస్తర్ నుంచి సరిహద్దు దాటి వచ్చినవాళ్లు ఈ గొత్తికోయలు. 2011 జులై 5న సుప్రీంకోర్టు గిరిజన యువకుల చేతికి తుపాకులిచ్చి ప్రత్యేక పోలీసులుగా దింపడం తప్పని తేల్చింది. తీర్పుతో భయం పోలేదు. ఇల్లు ఎవరు కాల్చారన్నది మీకు ఒక జవాబు, వాళ్లకు అది ప్రాణంతో ముడిపడ్డ సమాచారం. ఒకే గూడెంలో రెండు వైపుల బంధువులూ ఉంటారు. అందుకని పోలీసులా, అన్నలా, జుడుమా అన్న మాట మీ నోటినుంచి రాకూడదు. వాళ్లంతట వాళ్లు చెప్పినా, విన్న పేరు పుస్తకంలో ఎక్కకూడదు. అసలు మొదటి నెల పుస్తకమే తీయకండి. ఎంతమందిని కలిశారో లెక్క కావాలంటే జేబులో చింతగింజలు వేసుకుని వెళ్లండి, మనిషికొకటి ఇంకో జేబులోకి మార్చండి.

మరి ఏం అడగాలి? ఇవాళ్టి సంగతి అడగండి. రాత్రి నిద్ర పట్టిందా, నీళ్లు ఎక్కడినుంచి తెస్తున్నారు, బియ్యం ఎన్నాళ్లకు వస్తాయి, ఒంట్లో బాగాలేనప్పుడు ఎవరిని పిలుస్తారు. యుద్ధం, పారిపోవడం ఎంత బాధపెడతాయో, ఖాళీ చేయిస్తారేమోనన్న బెదురు, కుల ధ్రువీకరణ పత్రం లేకపోవడం, చెలమ ఎండిపోవడం అంతే బాధపెడతాయి. వీటిలో కొన్నింటికి మీరు నిజంగా దారి చూపించగలరు. చూపించలేనివాటికి మాట ఇవ్వకండి. "రేషన్ కార్డు ఇప్పిస్తాం" అన్నవాళ్లు వాళ్ల ముందుకు ఇప్పటికే ఎందరో వచ్చి వెళ్లారు.

ఆమె తనంతట తాను మొదలుపెడితే? ఆపకండి, తవ్వకండి. "ఆ తర్వాత?" అన్న మాట ఈ పనిలో నిషేధం. తల ఊపండి, "ఎంత మోశావక్కా" అనండి, ఊరుకోండి. ఆమె ఆగిన చోట మీరూ ఆగండి. ఆ మౌనం భరించలేకే చాలామంది ఇంకో ప్రశ్న వేస్తారు. ఇరవై లెక్కపెట్టేదాకా నోరు తెరవకండి. "ఊరుకో, పోయినవాళ్లు తిరిగొస్తారా" అన్న మాట ఓదార్పు అనిపిస్తుంది గానీ, ఏడుపు ఆపమని చెప్పడమే అది. "నీ బాధ నాకు తెలుసు" అనకండి, మీకు తెలియదు. లేచే ముందు ఆమెను ఇవాళ్టికి తీసుకురండి. నీళ్లు తాగించండి, పొయ్యి దగ్గరికో మేకల దగ్గరికో నాలుగడుగులు కలిసి నడవండి, ఈ రాత్రి పక్కన ఎవరు పడుకుంటారో అడగండి. ఎవరూ లేరంటే, ఆమెకు ఇష్టమైన మనిషిని అడిగి ఏర్పాటు చేశాకే కదలండి.

కోయ మాటను తెలుగులోకి మార్చి చెప్పేవాళ్ల సంగతి. పిల్లలను ఎప్పుడూ పెట్టుకోకండి. అమ్మ నోటి మాటను "మా నాన్నను చంపేశారట" అని పదేళ్ల పిల్ల మనకు తెలుగులో చెప్పాల్సి రావడం కంటే ఘోరం లేదు. ఆడవాళ్లకు ఆడమనిషే ఉండాలి. ఆమెకూ ఇలాంటి రాత్రి ఒకటి ఉండి ఉంటుంది. పని అయ్యాక ఆమెతో అరగంట కూర్చోకుండా ఇంటికి పంపకండి.

రెండు చిన్న సంగతులు. రాత్రి వణుకు, చెమట, నీరసం అనగానే మనసు బెదురు అని తేల్చకండి. ఇది మలేరియా నేల. ముందు ఆశా కార్యకర్త చేత రక్తపరీక్ష చేయించండి. రెండోది, ఆర్‌ఎంపీలు ఇచ్చే నిద్రబిళ్లలు. కొత్తగా దెబ్బ తిన్న మనిషికి మొదటి నెలలో బెదురు తగ్గించడానికి ఆ రకం బిళ్లలు వాడొద్దనే మార్గదర్శకాలు చెబుతున్నాయి. అలవాటై మానలేకపోవడం ఇంకో బాధ. ఇప్పటికే రోజూ వేసుకుంటున్నవాళ్లను మాత్రం ఒక్కసారిగా మాన్పించకండి, మూర్ఛ రావచ్చు. డాక్టరే మెల్లగా తగ్గించాలి.

ఇక గుంపు.

ఎనిమిది మంది చాలు. ఆడవాళ్లు విడిగా, మగవాళ్లు విడిగా కూర్చోవాలి. వారానికొకసారి, అయిదు వారాలు. నా లెక్కలో ఒక్కో విడత 60 నిమిషాలు. చంటిపిల్లలున్న తల్లి అంతకంటే కూర్చోలేదు. మిరప కోతలు, ఇప్పపువ్వు, తునికాకు రోజుల్లో మొదలుపెట్టకండి, సగంమంది రారు. తేదీ గూడెం పెద్దతో కూర్చుని వాళ్లనే చెప్పమనండి.

చోటు చెట్టు నీడ. బడి గది వద్దు. బస్తర్‌లో బలగాలు బడుల్లో దిగడం చూసినవాళ్లు అందులో ఉంటారు. గుండ్రంగా కూర్చోండి గానీ దారివైపు ఒక మనిషి పట్టేంత ఖాళీ ఉంచండి. లేచి వెళ్లగలనని తెలిస్తేనే మనిషి కూర్చోగలుగుతుంది. ఖాకీ, ముదురాకుపచ్చ బట్టలు వేసుకోకండి, బూట్లు వద్దు. బండి గూడెం బయటే ఆపి నడిచి రండి. ఫొటోలు తీయకండి.

మొదటి విడతలో ఒళ్లు ఎందుకు బెదురుతుందో చెప్పండి. పాము కరిచినవాడికి తాడును చూసినా భయమే అన్న ఒక్క మాట పావుగంట ఉపన్యాసం కంటే బాగా అందుతుంది. ఒళ్లు పిచ్చిదైపోలేదు, ఇంకా కాపలా కాస్తోంది, అంతే.

తర్వాత ఊపిరి. "గట్టిగా పీల్చండి" అనకండి. భయంలో ఉన్న మనిషి గట్టిగా, గబగబా పీలిస్తే ఒంట్లో కార్బన్ డయాక్సైడ్ పడిపోయి, వేళ్లు తిమ్మిరెక్కి, పెదాలు మొద్దుబారి, తల తిరుగుతుంది. ప్రాణం పోతోందనుకుంటుంది. మొదటి మాట "వదలండి" కావాలి. పొట్ట మీద చెయ్యి పెట్టించి, మూడు లెక్కపెట్టేంతసేపు మెల్లగా పీల్చి, నాలుగు లెక్కపెట్టేంతసేపు వదిలించండి. మూడుకు మూడు అని నేర్పేవాళ్లూ ఉన్నారు, అదీ మంచిదే. లెక్క కోయ భాషలో పెట్టండి, ముందే నేర్చుకోండి. కళ్లు మూయించడం నాకు సమ్మతం కాదు. మూసిన కళ్ల వెనక ఏం కనపడుతుందో మనకు తెలియదు. ఎదురుగా ఒక చెట్టు మొదలు చూస్తూ చేయమనండి, పిడికిట్లో వాగు గులకరాయి ఒకటి ఉంచండి.

మధ్యలో ఇలా జరగొచ్చు. ఎక్కడో ఎవరిదో సత్తుబిందె రాతి మీద పడుతుంది. ఒకామె చూపు అక్కడే ఆగిపోతుంది. చీర చెంగు పిడికిట్లో నలుగుతుంది, రెప్ప వాలదు, పిలిస్తే పలకదు. ఆమెను పట్టుకుని ఊపకండి, వెనకనుంచి ముట్టుకోకండి. ఎదురుగా, చెయ్యి చాచినంత దూరంలో, ఆమె కంటే కిందగా కూర్చుని మామూలు గొంతుతో, "అక్కా, అది బిందె పడిన చప్పుడు. మనం ఇప్పచెట్టు కింద ఉన్నాం. చేతిలో రాయి ఉంది, చూడు. నొక్కు. చల్లగా ఉందా, వెచ్చగా ఉందా?" అనండి. అసలు పని చేసేది ఆ ఆఖరి ప్రశ్నే. జవాబు వచ్చిందంటే మనిషి తిరిగి వస్తోందన్నమాట. రాకపోతే మడమలు నేలకు నొక్కమనండి, మళ్లీ అదే మాటలు, అదే నెమ్మదితో. మిగతావాళ్లను తోటి వాలంటీరు చూసుకోవాలి. అందుకే ఒక్కరే వెళ్లి గుంపు పెట్టకూడదు.

గుంపులో ఎవరైనా జరిగింది చెప్పడం మొదలుపెడితే, ఇంటి దగ్గర ఊరుకున్నట్టు ఇక్కడ ఊరుకోలేం, వింటున్నవాళ్ల ఒళ్లు కూడా బెదురుతుంది. "అక్కా, ఈ మాట నేను నీ దగ్గర విడిగా కూర్చుని వింటాను" అని చెప్పి, గుంపు అయిన రోజే తప్పకుండా వినండి.

చనిపోతానన్న మాట, రోజుల తరబడి తిండి మానడం, లేని గొంతులు వినపడడం, పసిబిడ్డకు పాలు పట్టకపోవడం కనపడితే గుంపుతో సరిపెట్టకండి. భద్రాచలం ఏరియా ఆసుపత్రికో, దగ్గర్లో మానసిక వైద్యుడున్న చోటికో తోడు వెళ్లండి. చనిపోతానన్న మనిషిని ఒంటరిగా వదలకండి, పురుగుమందు డబ్బా అందకుండా తీయించండి. మానసిక సాయానికి ప్రభుత్వం పెట్టిన ఫోన్ నంబరు టెలీమానస్ 14416 రాత్రీ పగలూ ఉచితంగా పనిచేస్తుంది, తెలుగులో మాట్లాడతారు. సిగ్నల్ ఏ మిట్ట మీద వస్తుందో ముందే చూసి పెట్టుకోండి. కోయ తప్ప రానివాళ్ల పక్కన మాట మార్చి చెప్పే మనిషి ఉండాలి.

సాధన: ఏడు రోజులు, పూటకు పది నిమిషాల చొప్పున రెండు పూటలా ఊపిరి మీరు చేయండి. తల తిరిగిందంటే గట్టిగా పీలుస్తున్నారని గుర్తు. అదే ఏడు రోజుల్లో మీ ఇంట్లోనో వీధిలోనో బాధలో ఉన్న ఒక మనిషి దగ్గర రోజూ అరగంట కూర్చోండి. ‘ఎందుకు’, ‘ఏం జరిగింది’, ‘ఆ తర్వాత’ అన్న మూడు మాటలు వాడకూడదు. వాడిన ప్రతిసారీ ఒక చింతగింజ జేబు మార్చండి. ఒక్క గింజా మారని రోజులు వరసగా మూడు వచ్చాకే గూడెంలో గుంపుకు తేదీ అడగండి. ఇంతకుముందు చెప్పించి వచ్చిన ఇళ్లకు గుంపుకంటే ముందే వెళ్లండి. వెళ్లి, "ఆరోజు ఎక్కువ అడిగాను, ఇకమీదట అడగను" అని చెప్పి, వాళ్లు కూర్చోమంటే కూర్చోండి.