లేవీయకాండము దగ్గర ఆగిపోకుండా: అనుదిన బైబిలు పఠనాన్ని అలవాటు చేసుకొనే విధానం

డిసెంబరు 31వ తేదీ రాత్రి మన మందిరాలలో జరిగే ఆరాధన ముగిసే వేళకు, చేతిలో కొత్త సంవత్సరపు వాగ్దాన వాక్యం అచ్చువేసిన కార్డుతో పాటు, ఈ ఏడాదైనా బైబిలు మొత్తం చదివి పూర్తిచేయాలన్న తీర్మానం చాలామంది మనస్సులో ఉంటుంది. మరునాడే ఆదికాండము మొదటి అధ్యాయంతో ఆ పని మొదలవుతుంది. రోజుకు మూడు అధ్యాయాల చొప్పున చదివితే ఆదికాండములోని 50, నిర్గమకాండములోని 40 కలిసి సరిగ్గా ముప్పై రోజులలో పూర్తవుతాయి. జనవరి 31న లేవీయకాండము ఎదురవుతుంది. అబ్రాహాము, యోసేపు, మోషేల వృత్తాంతాలు చేయి పట్టుకొని నడిపించినంత కాలం సాగిన పఠనం, దహనబలి, నైవేద్యము, అపరాధపరిహారార్థబలి విధుల మధ్యకు రాగానే మందగిస్తుంది. ఒక రోజు తప్పితే మరునాటికి ఆరు అధ్యాయాలు, వారం తప్పితే ఇరవై ఒక్క అధ్యాయాలు బాకీ పడతాయి. ఆ బాకీ చూసి భయపడి మూసిన గ్రంథం మళ్లీ ఆదివారం నాడు మందిరంలోనే తెరుచుకుంటుంది.

నేనూ ఈ దారిలో ఒకసారి కాదు, వరుసగా కొన్ని సంవత్సరాలు నడిచి ఆగిపోయినవాడినే. ఆగిన ప్రతిసారీ నా భక్తిలోనే లోపముందని బాధపడ్డాను. తరువాత తెలిసిందేమిటంటే, లోపం ఎక్కువగా నేను ఎంచుకొన్న పద్ధతిలో ఉంది. ఉత్సాహం ఉన్న రోజును చూసి కొలత నిర్ణయించుకొన్నాను. కాని అలవాటు నిలవవలసింది ఉత్సాహం లేని రోజున. కాబట్టి ఇప్పుడు మొదలుపెట్టేవారు తమకు అత్యంత కష్టమైన రోజును, అంటే జ్వరం వచ్చిన రోజును, ఇంటినిండా బంధువులున్న రోజును, రాత్రి పొద్దుపోయాక ఇల్లు చేరిన రోజును తలచుకొని, ఆ రోజున కూడా చదవగలిగినంత భాగాన్నే తమ కొలతగా పెట్టుకోవాలి. చాలామందికి అది ఒక్క అధ్యాయం. బిగ్గరగా చదివినా అనేక అధ్యాయాలకు ఐదు నిమిషాలు చాలు.

మొదటి గ్రంథంగా మార్కు సువార్తను ఎంచుకోవడం మంచిది. అందులో 16 అధ్యాయాలే ఉన్నాయి, కథనం వేగంగా సాగుతుంది, పదహారు రోజులలో ఒక గ్రంథాన్ని ఆద్యంతం చదివామన్న ధైర్యం కలుగుతుంది. ఆ తరువాత నాలుగేసి అధ్యాయాలున్న రూతు, ఫిలిప్పీయులకు వ్రాసిన పత్రిక, అయిదు అధ్యాయాల యాకోబు పత్రిక వంటివి చదువుకొంటూ, లూకా సువార్తను, దాని కొనసాగింపైన అపొస్తలుల కార్యములను ఒకదాని వెంట ఒకటిగా తీసుకోవచ్చు. ఎక్కడ తెరుచుకొంటే అక్కడ చదవడం మాత్రం మానుకోవాలి. ఏ గ్రంథమైనా దాని రచయిత మొదలుపెట్టినచోట మొదలుపెట్టి, ముగించినచోట ముగిస్తేనే అతడు చెప్పదలచినది మనకు అందుతుంది.

సంవత్సరపు ప్రణాళిక కావాలనుకొనేవారికి క్రొత్త నిబంధన చక్కగా అమరుతుంది. అందులో మొత్తం 260 అధ్యాయాలున్నాయి. వారానికి అయిదు రోజులు, రోజుకొక అధ్యాయం చొప్పున చదివితే 52 వారాలలో పూర్తవుతుంది. మిగిలిన రెండు రోజులు ఖాళీగా ఉండడమే ఈ పద్ధతికి ప్రాణం, ఎందుకంటే తప్పిపోయిన అధ్యాయం ఆ రెండు రోజులలో ఏదో ఒకదానిలో ఇమిడిపోతుంది. బైబిలు మొత్తానికి 1,189 అధ్యాయాలు. రోజుకు మూడు, ఆదివారం అయిదు చదివితే ఏడాదిలో అవి ముగుస్తాయి. స్కాట్లాండులోని డండీ పట్టణంలో సంఘకాపరిగా ఉన్న రాబర్ట్ ముర్రే మెక్‌షేన్ 1842లో తన సంఘస్థుల కోసం సిద్ధంచేసిన పట్టిక ప్రకారం రోజుకు నాలుగు భాగాలు చదివితే, పాత నిబంధన ఒకసారి, క్రొత్త నిబంధన, కీర్తనలు రెండేసి సార్లు ఏడాదిలో పూర్తవుతాయి. ఆ పట్టికను ఇప్పటికీ అనేకులు వాడుతున్నారు. అయితే అది చదువు అలవడినవారి కోసమే. మొదటి సంవత్సరంలోనే దానిని నెత్తికెత్తుకోవద్దని నా మనవి.

కొలత తరువాత నిర్ణయించవలసినవి వేళ, చోటు. యేసు ఇంకను చాలా చీకటియుండగనే లేచి అరణ్యప్రదేశమునకు వెళ్లి ప్రార్థించాడని మార్కు 1:35 చెబుతుంది. దానియేలు తన ఇంటిపై గదిలో యెరూషలేము వైపు తెరిచిన కిటికీల యొద్ద దినమునకు ముమ్మారు మోకాళ్లూనినట్లు దానియేలు 6:10లో ఉంది. ఇద్దరికీ వేళ ఉంది, చోటు ఉంది. తెల్లవారుజాము శ్రేష్ఠమే గాని అది అందరికీ కుదిరే వేళ కాదు. రాత్రి పనికి వెళ్లి ఉదయం ఇల్లు చేరేవారికి, తెల్లవారకముందే పొయ్యి ముట్టించే తల్లికి, నీళ్లు వచ్చే గంటను బట్టి రోజు మొదలయ్యే ఇంటికి వేరే వేళ కావాలి. గడియారంలోని అంకె కంటే, ప్రతిరోజూ తప్పక చేసే ఒక పనికి చదువును ముడిపెట్టుకోవడం మేలు: ఉదయపు టీ గ్లాసు పక్కన, పిల్లలను బడికి పంపి తలుపు వేసుకొన్న వెంటనే, మధ్యాహ్న భోజనం డబ్బా తెరిచే ముందు. ఆ పనే గుర్తుచేస్తుంది. జ్ఞాపకశక్తి మీద భారం పడదు.

చిన్నదే అయినా ఇక్కడ ఒక మాట చెప్పాలి. మన ఇళ్లలో చాలా బైబిళ్లు జిప్ కవరులో భద్రంగా బీరువాలోనో టీవీ పైనున్న అరలోనో ఉంటాయి. గౌరవంతోనే అలా ఉంచుతాము, కాని ఆదివారం నుండి ఆదివారం దాకా ఆ జిప్పు అలాగే ఉండిపోతుంది. రాత్రి పడుకోబోయే ముందు గ్రంథాన్ని కవరులోనుండి తీసి, మరునాడు చదవవలసిన పుట తెరిచి, కూర్చొనే చోట పెట్టండి. ఫోనులో చదివేవారు ఆ పావుగంట సేపు సందేశాల మోత వినబడకుండా చేసుకోవాలి. వీలైనవారికి అచ్చు ప్రతే మేలని నా అనుభవం. చూపు మందగించిన పెద్దలకు పెద్ద అక్షరాల ప్రతి కొని ఇవ్వడం పిల్లలు చేయదగిన మంచి పని.

ఇక చదివే తీరు. ముందుగా, "నేను నీ ధర్మశాస్త్రమునందు ఆశ్చర్యమైన సంగతులను చూచునట్లు నా కన్నులు తెరువుము" అన్న కీర్తనలు 119:18ని ప్రార్థనగా చెప్పుకొంటే చాలు. దీర్ఘ ప్రార్థన చదువు తరువాత చేయవచ్చు. అధ్యాయాన్ని వినబడేలా చదవాలి. ఐతియొపీయుడైన నపుంసకుడు రథంలో యెషయా గ్రంథం పైకి చదువుతున్నందువల్లనే ఫిలిప్పుకు అది వినబడింది. కన్ను దాటవేసే మాటలను నోరు దాటవేయలేదు. తరువాత మనస్సును ఆపిన భాగాన్ని రెండవసారి నెమ్మదిగా చదివి, ఇక్కడ దేవుని గూర్చి ఏమి ఉంది, మనుష్యుని గూర్చి ఏమి ఉంది, ఈ రోజు నేను చేయవలసినది ఏదైనా ఉందా అని అడిగి, ఒక్క వాక్యం నోటుపుస్తకంలో వ్రాయాలి.

మార్కు 2వ అధ్యాయం మొదటి పన్నెండు వచనాలనే తీసుకొందాం. పక్షవాయువు గలవానిని నలుగురు మోసుకొని వస్తారు. జనసమూహం వల్ల దారి లేక ఇంటి కప్పు విప్పి మంచాన్ని దింపుతారు. మొదటిసారి చదివినప్పుడు స్వస్థతే కనబడుతుంది. రెండవసారి చదివితే యేసు చూచినది "వారి విశ్వాసము" అన్న బహువచనం కనబడుతుంది. రోగి ఒక్క మాట కూడా పలకలేదని, అతనితో మొదట పలికిన మాట నడవమని కాక, పాపములు క్షమింపబడియున్నవని తెలుస్తుంది. ఆ రోజు నోటుపుస్తకంలో "నేను ఈ వారం ఎవరి మంచం మోయాలి?" అన్న ఒక్క ప్రశ్న వ్రాసుకొంటే, అది ప్రార్థనకు, తరువాత ఆసుపత్రిలో ఉన్న పొరుగువారి పలకరింపుకు దారితీస్తుంది.

తెలుగు పాఠకునికి ప్రత్యేకంగా ఎదురయ్యే చిక్కు భాష. మనం ఆరాధనలో వాడే పరిశుద్ధ గ్రంథములోని తెలుగు గ్రాంథికం. దాని గాంభీర్యం నాకు ఎంతో ప్రియం, కాని అందులోని కొన్ని మాటలకు ఈనాటి వాడుకలో అర్థం మారిపోయింది. "సమాధానము" అనగానే నేటి విద్యార్థికి ప్రశ్నకు జవాబు గుర్తొస్తుంది. ఫిలిప్పీయులకు 4:7లో "సమస్త జ్ఞానమునకు మించిన దేవుని సమాధానము" అన్నప్పుడు దాని అర్థం శాంతి. "నీతి" అంటే నీతికథలోని నీతి కాదు, దేవుని యెదుట న్యాయవంతునిగా నిలిచే స్థితి. "సంఘము" అంటే ఉద్యోగుల సంఘం వంటిది కాదు, క్రీస్తునందు విశ్వాసముంచినవారి సమూహం. ఈ మాటల జాబితాను నోటుపుస్తకం చివరి పుటలలో వ్రాసుకొంటూ పోతే కొన్ని నెలలలో దారి సుగమమవుతుంది. వాడుక భాషలో వచ్చిన అనువాదాన్ని పక్కన పెట్టుకొని చదవడం కూడా తప్పు కాదు. పాత అనువాదాన్ని విడిచిపెట్టనక్కరలేదు, అర్థం కాకుండా చదవనూ అక్కరలేదు.

అధ్యాయాల విభజన గురించి కూడా తెలిసి ఉండాలి. మూల రచయితలు అధ్యాయాలుగా వ్రాయలేదు; ఇప్పటి విభజన 13వ శతాబ్దపు ఆరంభంలో ఏర్పడింది. అందువల్ల కొన్నిచోట్ల తలంపు మధ్యలో అధ్యాయం తెగుతుంది. శ్రమపడే సేవకుని గూర్చిన యెషయా ప్రవచనం నిజానికి 52:13 వద్ద మొదలై 53వ అధ్యాయం చివర ముగుస్తుంది. అలాంటిచోట అంకెను పట్టించుకోక, తలంపు ముగిసేదాకా చదవాలి. 176 వచనాలున్న 119వ కీర్తనను ఒక్క రోజులో ముగించవలసిన పని లేదు. ఎనిమిదేసి వచనాల ఇరవై రెండు భాగాలుగా అది ముందే అమర్చబడి ఉంది.

మళ్లీ లేవీయకాండము దగ్గరకు వస్తాను, ఎందుకంటే దానిని శాశ్వతంగా దాటవేయమని నేను చెప్పడం లేదు. క్రొత్త నిబంధన ఒకసారి పూర్తయ్యాక దానిని తెరిస్తే అది వేరే గ్రంథంలా కనబడుతుంది. ప్రాయశ్చిత్త దినాన్ని వివరించే 16వ అధ్యాయాన్ని చదివి, అదే రోజు హెబ్రీయులకు వ్రాసిన పత్రిక 9వ అధ్యాయం చదవండి; ప్రధానయాజకుడు ఏడాదికి ఒకసారి తెర లోపలికి ఎందుకు వెళ్లాడో, క్రీస్తు ఒక్కసారే ప్రవేశించాడన్న మాటకు అంత బలం ఎందుకున్నదో అప్పుడు బోధపడుతుంది. "నిన్నువలె నీ పొరుగువానిని ప్రేమింపవలెను" అన్న ఆజ్ఞ మొదట కనబడేది కూడా ఈ గ్రంథంలోనే, 19:18లో. అలాగే సంఖ్యాకాండములోని ఇత్తడి సర్పం కథను యోహాను 3:14తో కలిపి చదవాలి.

రోజు తప్పడం తప్పదు. తప్పిన రోజు బాకీ తీర్చడానికి ప్రయత్నించకండి. ఈ రోజు భాగాన్ని ఈ రోజు చదవండి. అరణ్యంలో ఇశ్రాయేలీయులు దేవుడిచ్చిన ఆహారమైన మన్నాను ఏ రోజుది ఆ రోజే కూర్చుకొన్నారు. విశ్రాంతిదినము కోసం తప్ప మరునాటికి దాచినది పురుగుపట్టింది. తేదీలు అచ్చువేసిన పట్టికలు కొందరికి ఉపకరిస్తాయి గాని, వెనుకబడినవారిని అవే ఎక్కువగా నిరుత్సాహపరుస్తాయి. తేదీ లేకుండా చదివిన అధ్యాయాలకు మాత్రమే గుర్తు పెట్టుకొనే పద్ధతి వారికి మంచిది. వరుసగా రెండు రోజులు తప్పితే మాత్రం కారణం వెదకాలి. సాధారణంగా వేళ కుదరకపోవడమో, కొలత పెద్దదవడమో కారణంగా తేలుతుంది. వాటిని మార్చుకోవడంలో సిగ్గుపడవలసినది లేదు.

వాగ్దానం కార్డు గురించి, ఉదయాన్నే వాట్సాప్‌లో వచ్చే వచనం గురించి నాకొక ఆవేదన ఉంది. అవి చెడ్డవి కావు. కాని చదువు స్థానాన్ని అవి ఆక్రమిస్తున్నాయి. యిర్మీయా 29:11లోని "సమాధానకరమైన ఉద్దేశములేగాని హానికరమైనవి కావు" అన్న మాట ఎన్ని కార్డుల మీద ఉంటుందో మనకు తెలుసు. అది బబులోనుకు చెరగొనిపోబడినవారికి వ్రాసిన ఉత్తరంలోని మాట. దాని ముందున్న వచనమే డెబ్బది సంవత్సరములు గడవాలని చెబుతోంది. ఆ పరదేశంలోనే ఇండ్లు కట్టుకోండి, తోటలు నాటుకోండి, ఆ పట్టణము క్షేమము కోసం ప్రార్థించండి అని అదే ఉత్తరం ఆజ్ఞాపిస్తోంది. మొదటి వచనం నుండి పద్నాలుగవ వచనం దాకా చదివినవారికి ఆ వాగ్దానం చిన్నదైపోదు. కోరిన ఉద్యోగం ఈ నెల రాకపోయినా అది వారి చేతిలో నిలిచి ఉంటుంది. కాబట్టి కార్డు అందుకొన్న రోజే ఆ వచనమున్న అధ్యాయాన్ని పూర్తిగా చదవడం ఒక నియమంగా పెట్టుకోవాలి.

ఒంటరిగా కుదరనివారు ఇంటివారితో కలిసి చదవాలి. కుటుంబ ప్రార్థనలో పిల్లలు వంతులవారీగా తలా అయిదు వచనాలు చదివితే, అక్షరం రాని అమ్మమ్మకు వాక్యం వినబడుతుంది, పిల్లలకు ఉచ్చారణ పట్టుబడుతుంది. విన్నదాంట్లో తనకు నచ్చిన మాటను ఆమె తిరిగి చెప్పినప్పుడు తరచుగా చదివినవారికంటె ఆమెకే ఎక్కువ గుర్తుంటుంది. తెలుగు బైబిలు ఆడియో రూపంలోనూ దొరుకుతుంది కనుక ప్రయాణంలో వినవచ్చు. దూరదేశంలో ఉన్న కుమారుడు, ఊళ్లోని తల్లి ఒకే అధ్యాయం చదివి, వారానికొకసారి ఫోనులో దాని గురించి మాట్లాడుకోవచ్చు. అర్థం కాని చోట్లను వ్రాసి ఉంచి, ఆదివారం సంఘకాపరిని అడగాలి. బెరయ పట్టణపువారు అపొస్తలుడైన పౌలు చెప్పిన సంగతులను సైతం ప్రతిదినమును లేఖనములలో పరిశోధించారు గనుక, ప్రశ్న అడగడం అవిశ్వాసం కాదు.

ఒక గ్రంథం ముగిసిన రోజు జాగ్రత్తగా ఉండాలి, ఎందుకంటే తరువాత ఏమి చదవాలో తేలనందువల్లనే అనేకుల చదువు అక్కడ తెగిపోతుంది. మార్కు 16వ అధ్యాయం చదివిన పూటనే తరువాతి గ్రంథాన్ని నిర్ణయించుకొని, గుర్తు కోసం ఉంచిన రిబ్బనును దాని మొదటి పుటలోకి మార్చి, ఆ పుట తెరిచి ఉంచి పడుకోండి.