ఇంటింటి ఆరోగ్య సర్వేకు స్థానికులను పంపే ముందు

ప్రశ్నపత్రం ఖరారు కాకముందే వాళ్లను పిలిచి కూర్చోబెట్టండి. అంతా అయ్యాక ఫారాలు చేతిలో పెడితే అది భాగస్వామ్యం కాదు. ఆరోగ్య సేవల ప్రణాళికలో పాల్గొనడం ప్రజల హక్కని 1978లోనే ఆల్మా ఆటా ప్రకటన (ప్రాథమిక ఆరోగ్య సంరక్షణపై జరిగిన అంతర్జాతీయ సదస్సు చేసిన ప్రకటన) చెప్పింది.

• ఎవరి వీధి వాళ్లకే అప్పగించొద్దు. అన్నిటికన్నా ముఖ్యం ఇదే. తెలిసిన ముఖమైతే తలుపు తెరుస్తారు, నిజమే. కానీ క్షయ గురించో, గర్భస్రావం గురించో, తాగుడు గురించో పక్కింటివాళ్లతో నోరు విప్పరు.

• పేర్ల జాబితా, జవాబుల కాగితం వేర్వేరుగా ఉండాలి. రెండిటినీ కలిపేది ఒక నంబరు మాత్రమే. ఫారాలను సొంత ఫోన్లలో ఫొటో తీయకూడదు.

• ఇష్టం లేకపోతే చెప్పనక్కర్లేదని మొదటే చెప్పాలి. అలా చెప్పనివాళ్లకు వైద్యసేవలు ఆగవనీ చెప్పాలి.

• "పాపకు ఎప్పుడైనా విరేచనాలయ్యాయా?" అని కాదు, "గత 2 వారాల్లో అయ్యాయా?" అని అడగడం నేర్పండి. ఒకరినొకరు అడుగుతూ సాధన చేయించండి.

• తాళం వేసిన ఇంటికి బదులు పక్కింటికి వెళ్లొద్దు. సాయంత్రం మళ్లీ వెళ్లాలి. లేదంటే పగలు పనికెళ్లేవాళ్లంతా లెక్కలోంచి జారిపోతారు.

• ప్రమాదంలో ఉన్న రోగి కనిపిస్తే ఎవరికి ఫోన్ చేయాలి? ఆ నంబరు ప్రతి ఒక్కరి దగ్గరా ఉండాలి.

• భత్యం ఎంతో ముందే తేల్చండి.

• ఫలితాలు వినిపించే సమావేశం తేదీ కూడా ఇప్పుడే ఖాయం చేయండి.