తాళం మార్చితే చాలదు, లోపల ఎవరున్నారో చూడాలి: ఆన్‌లైన్ ఖాతాను కాపాడుకోవడం ఎలా?

బెంగళూరు మారతహళ్లిలో మా వీధి చివర ఒక జిరాక్స్ దుకాణం ఉంది. చుట్టూ పీజీలు, వాటి నిండా మన తెలుగు పిల్లలు. ఉద్యోగం వెతుక్కునేవారు రెజ్యూమె ప్రింటు కోసం, ఉద్యోగంలో చేరినవారు అద్దె ఒప్పందం కోసం అక్కడికే వస్తారు. కిందటి సంక్రాంతి తర్వాత నేనూ ఒక కాగితం ప్రింటు తీసుకుందామని వెళ్లి అక్కడి కంప్యూటర్లో బ్రౌజర్ తెరిచాను. ఎవరో అబ్బాయి మెయిల్ తెరిచి ఉంది. కంపెనీ పంపిన ఉద్యోగ నియామక ఉత్తరం, పాన్ కార్డు, బ్యాంకు స్టేట్‌మెంటు వరుసగా కనిపిస్తున్నాయి. దేన్నీ తాకకుండా లాగౌట్ చేశాను. ఆ అబ్బాయి పాస్‌వర్డ్ ఎంత గట్టిదైనా ఆ గంటలో అది అతనికి అక్కరకు రాలేదు.

గుడి దగ్గర చెప్పుల స్టాండు గుర్తుకు తెచ్చుకోండి. చెప్పులు ఇవ్వగానే ఒక టోకెన్ ఇస్తారు. తిరిగి వచ్చినప్పుడు మన పేరు అడగరు, ముఖం చూడరు. టోకెన్ ఎవరి చేతిలో ఉంటే చెప్పులు వారివే. లాగిన్ కూడా ఇంతే. పాస్‌వర్డ్ సరిపోగానే సర్వర్ (ఆ వెబ్‌సైట్‌ను నడిపే కంప్యూటర్) మన బ్రౌజర్‌కు ఒక టోకెన్ ఇస్తుంది. దాన్ని బ్రౌజర్ కుకీగా, అంటే ఒక చిన్న ఫైలులా, దాచుకుంటుంది. ఆ తర్వాత ప్రతి పేజీకీ సర్వర్ పాస్‌వర్డ్ అడగకుండా ఆ టోకెన్‌నే చూస్తుంది. అది చెల్లుబాటయ్యే కాలమే సెషన్. దొంగ చేతికి ఆ టోకెన్ చిక్కితే పాస్‌వర్డ్‌తోనూ ఓటీపీతోనూ అతనికి పని లేదు. అందుకే ఖాతా భద్రతలో రెండు పనులున్నాయి: తాళం గట్టిగా వేయడం, ఇప్పటికే లోపల ఉన్నవారిని బయటికి పంపడం. మొదటిదాని గురించి అందరూ చెబుతారు. రెండోది చాలామంది ఒక్కసారి కూడా చేసి ఉండరు.

1. మెయిల్‌తో మొదలుపెట్టండి

బ్యాంకు ఖాతా కన్నా ముందు మెయిల్‌ను భద్రపరచాలని నా గట్టి అభిప్రాయం. ఏ వెబ్‌సైట్‌లో పాస్‌వర్డ్ మరచిపోయామన్నా, దాన్ని మార్చుకునే లింకు సాధారణంగా మెయిల్‌కే వస్తుంది. మెయిల్ చేజిక్కితే మిగతా ఖాతాలు ఒక్కొక్కటిగా తెరుచుకుంటాయి.

జీమెయిల్ వాడేవారు గూగుల్ ఖాతా సెట్టింగుల్లో భద్రత విభాగానికి వెళ్లి, 'మీ పరికరాలు' అన్నచోట మొత్తం జాబితా తెరవండి. ఏ ఫోనులో, ఏ కంప్యూటర్లో మీ ఖాతా తెరిచి ఉందో, చివరిగా ఎప్పుడు వాడారో కనిపిస్తుంది. నేను మొదటిసారి చూసినప్పుడు రెండేళ్ల కిందట అమ్మేసిన ల్యాప్‌టాప్ అందులో ఉంది! దానిపై నొక్కి సైన్ అవుట్ చేశాను.

ఇక్కడ కంగారు పడకూడని విషయాలు రెండు. ఒకే ఫోను పేరు మూడు నాలుగు సార్లు కనిపించవచ్చు, బ్రౌజర్‌కు ఒకటి, యాప్‌కు ఒకటి అన్నట్టు సెషన్లు వేరుగా లెక్కకు వస్తాయి. ఊరి పేరు కూడా ఉజ్జాయింపే. మీరు బెంగళూరులో ఉన్నా నెట్‌వర్క్‌ను బట్టి చెన్నై అని చూపించవచ్చు. మీకు పరికరమే తెలియకపోతే మాత్రం ఉపేక్షించకండి.

2. అనుమానం వస్తే ఈ వరుసలో చేయండి

ముందు మీకు నమ్మకమున్న ఫోను లేదా కంప్యూటర్ నుంచి పాస్‌వర్డ్ మార్చండి. ఆ తర్వాత అన్ని పాత సెషన్లనూ మూసేయండి. పాస్‌వర్డ్ తెలిసిన దొంగను సైన్ అవుట్ మాత్రమే చేస్తే నిమిషంలో తిరిగి వస్తాడు. పాస్‌వర్డ్ మాత్రమే మార్చి ఊరుకుంటే, కొన్ని సైట్లలో పాత టోకెన్ ఇంకా చెల్లుతూనే ఉంటుంది. గూగుల్ పాస్‌వర్డ్ మార్చగానే చాలా సెషన్లను తానే మూసేస్తుంది, అయినా కొన్ని మినహాయింపులున్నాయి కనుక జాబితా మళ్లీ చూడాలి.

ఇంతటితో పని పూర్తయిందనుకుని చాలామంది ఆగిపోతారు. లోపలికి వచ్చినవాడు వెళ్లేముందు దొడ్డిదారి వదిలి ఉండవచ్చు. కంప్యూటర్లో జీమెయిల్ సెట్టింగులు తెరిచి ఫార్వర్డింగ్, ఫిల్టర్లు చూడండి. మీకు తెలియని చిరునామాకు మీ మెయిళ్ల నకళ్లు వెళ్తుంటే, పాస్‌వర్డ్ ఎన్నిసార్లు మార్చినా అవి వెళ్తూనే ఉంటాయి. ఖాతా తిరిగి పొందేందుకు ఇచ్చిన ఫోను నంబరు, మరో మెయిల్ చిరునామా మీవేనా అని సరిచూడండి. మీ ఖాతాలోకి అనుమతి పొందిన బయటి యాప్‌లలో గుర్తుపట్టలేని వాటిని తీసేయండి.

3. పాస్‌వర్డ్ పొడవుగా ఉండాలి

ఇంటి దేవుడి పేరు, పక్కన పిల్లల పుట్టిన సంవత్సరం, చివర ఒక గుర్తు. మనవాళ్ల పాస్‌వర్డ్‌లు చాలావరకు ఇలాగే ఉంటాయి. ఈ అలవాటు ఊహించడం ఎవరికీ కష్టం కాదు. 2009లో రాక్‌యూ అనే కంపెనీ నుంచి 3.2 కోట్ల పాస్‌వర్డ్‌లు బయటపడితే, వాటిలో అందరికన్నా ఎక్కువమంది వాడినది 123456. అలా బయటపడిన జాబితాలనే దొంగలు మిగతా సైట్లలో యంత్రాలతో వరుసగా ప్రయత్నిస్తారు. ఒకే పాస్‌వర్డ్ పది చోట్ల వాడకూడదనడానికి కారణం ఇదే. ఎక్కడో చిన్న షాపింగ్ సైట్ నుంచి పోయినది మీ మెయిల్‌ను తెరుస్తుంది.

అక్షరాలు, అంకెలు, గుర్తులు కలపాలి, మూడు నెలలకోసారి మార్చాలి అనే పాత సలహాను అమెరికా ప్రమాణాల సంస్థ నిస్ట్ 2017లోనే పక్కన పెట్టింది. పొడవు ముఖ్యమని, బయటపడిందన్న ఆధారం ఉంటేనే మార్చమని చెప్పింది. మనకు ఇందులో ఒక సౌకర్యం ఉంది. ఒకదానితో ఒకటి సంబంధం లేని నాలుగైదు తెలుగు మాటలను ఇంగ్లిషు అక్షరాల్లో రాస్తే చాలు. గుమ్మడి, పడవ, మంగళవారం, తాటాకు లాంటివి (వీటినే వాడకండి, మీవి మీరు ఎంచుకోండి). సామెతలు, పాటల చరణాలు, సొంత ఊరి పేరు వద్దు.

ఇలాంటివి ఒకటి రెండు గుర్తుపెట్టుకుని, మిగతావి పాస్‌వర్డ్ మేనేజర్‌కు, అంటే పాస్‌వర్డ్‌లన్నిటినీ ఒకే తాళం కింద భద్రంగా దాచే యాప్‌కు, అప్పగించండి. బిట్‌వార్డెన్, కీపాస్‌ఎక్స్‌సీ వంటివి ఉచితంగా దొరుకుతాయి. పెద్దవారికి అది కష్టమనిపిస్తే ఇంట్లో బీరువాలో ఉండే నోటుపుస్తకంలో రాసుకున్నా తప్పు లేదు. దాన్ని ఫోటో తీసి ఫోనులో పెట్టుకోవడం మాత్రం ప్రమాదం.

4. రెండో తాళం

రెండంచెల ధృవీకరణ, అంటే పాస్‌వర్డ్ తర్వాత మరో రుజువు కూడా అడిగే ఏర్పాటు, తప్పక పెట్టుకోండి. సందేశంగా వచ్చే ఓటీపీ కన్నా, 30 సెకన్లకోసారి మారే ఆరు అంకెలను చూపించే ఆథెంటికేటర్ యాప్ మేలు. అంతకన్నా పాస్‌కీ మంచిది, అంటే పాస్‌వర్డ్ టైపు చేయకుండా ఫోను లాక్ తీసినట్టే వేలిముద్రతోనో పిన్‌తోనో లాగిన్ కావడం. నకిలీ సైట్‌లో అది పనిచేయదు కాబట్టి మనం మోసపోయి ఎక్కడో టైపు చేసే ప్రమాదమే ఉండదు. ఫోను దగ్గర లేనప్పుడు లాగిన్ కావడానికి గూగుల్ ఇచ్చే 10 బ్యాకప్ కోడ్‌లను కాగితంపై ప్రింటు తీసి దాచండి. ఫోను బస్సులో పోయిన రోజు వాటి విలువ తెలుస్తుంది.

5. ఇతరుల కంప్యూటర్, పాత ఫోను, ఊళ్లో నాన్నగారి ఫోను

జిరాక్స్ దుకాణంలో అసలు లాగిన్ కాకపోవడమే ఉత్తమం. కావలసిన ఫైలు ఒక్కటే పెన్‌డ్రైవ్‌లో వేసుకుని వెళ్లండి. తప్పదనుకుంటే ఇన్‌కాగ్నిటో విండోలో (మూసేశాక లాగిన్‌ను గుర్తుపెట్టుకోని బ్రౌజర్ విండో) తెరిచి, పని కాగానే లాగౌట్ చేసి, విండోలన్నీ మూసేయండి. ఆ కంప్యూటర్లో టైపు చేసినదాన్ని దొంగిలించే ప్రోగ్రామ్ ఉంటే ఇన్‌కాగ్నిటో కూడా కాపాడదు.

వాట్సాప్ విషయంలో మరింత జాగ్రత్త. ప్రింటు కోసం అక్కడి కంప్యూటర్‌పై క్యూఆర్ కోడ్ స్కాన్ చేస్తే, మీరు బయటికి వచ్చాక కూడా మీ సంభాషణలు అక్కడ తెరుచుకునే ఉంటాయి. వాట్సాప్ సెట్టింగుల్లో 'లింక్డ్ డివైసెస్' తెరిచి తెలియనివన్నీ లాగౌట్ చేయండి. అక్కడే ఖాతా విభాగంలో ఆరు అంకెల పిన్ కూడా పెట్టుకోండి.

ఇక నన్ను బాగా కలవరపెట్టే అలవాటు ఒకటి. పండక్కి ఊరు వెళ్లినప్పుడు నాన్నగారికి కొత్త ఫోను కొనిచ్చి, తొందరలో మన జీమెయిల్‌తోనే దాన్ని సిద్ధం చేసి తిరిగి వచ్చేస్తాం. ఏడాది తర్వాత ఆ ఫోనును ఆయన మరొకరికి ఇస్తారు, మన ఫోటోలు, మెయిళ్లు దానితో పాటు వెళ్తాయి. ఆయనకు వేరే ఖాతా తెరవడానికి పది నిమిషాలు చాలు. ఫోను ఎవరికి ఇచ్చినా ముందు ఖాతా తీసేసి, ఫ్యాక్టరీ రీసెట్ చేయాలి, అంటే ఫోనులోని సమాచారమంతా చెరిపేయాలి.

బెంగళూరు వచ్చి కొత్త నంబరు తీసుకున్నవారు పాతదాన్ని రీచార్జి చేయకుండా వదిలేస్తుంటారు. రద్దయిన నంబరును కనీసం 90 రోజుల తర్వాత మరొకరికి కేటాయించవచ్చు. అప్పుడు మీ ఓటీపీలు వారికే వెళ్తాయి. సిమ్ వదిలేయడానికి ముందే బ్యాంకులో, మెయిల్‌లో నంబరు మార్చుకోండి.

6. డబ్బు పోతే

వెంటనే 1930కు ఫోను చేయండి. జాతీయ సైబర్ నేరాల పోర్టల్‌లోనూ ఫిర్యాదు నమోదు చేయవచ్చు. బ్యాంకుకు చెప్పి ఖాతాను స్తంభింపజేయించండి. బెంగళూరులో సైబర్ నేరాలను చూసే సెన్ పోలీసు స్టేషన్లు ఉన్నాయి, అక్కడికి నేరుగానూ వెళ్లవచ్చు. తెలియని పరికరాన్ని సైన్ అవుట్ చేయడానికి ముందు, దాని పేరు, సమయం, ఊరు కనిపించే పేజీని స్క్రీన్‌షాట్ తీసి పెట్టుకోండి. లావాదేవీ సంఖ్యతో పాటు అది కూడా ఫిర్యాదుకు జతచేయవచ్చు.