ఆర్కిటిక్ సముద్రంలో అణు చెత్త గురించి వార్త కనిపిస్తే దాన్ని ఎలా చదవాలి

ఆర్కిటిక్ అడుగున అణు బాంబు లాంటిది పేలబోతోంది, చేపలన్నీ విషమైపోయాయి అని వీడియోలు తిరుగుతుంటాయి, కింద కామెంట్లలో అదంతా పాత కథ, ఏం లేదు అని కొట్టిపారేసేవాళ్ళూ ఉంటారు. రెండూ కరెక్ట్ కాదు. ఇలాంటి వార్త చేతికొస్తే ఏమేం చూడాలో చెప్తా.

మొదట చూడాల్సింది, కావాలని పడేసిందా లేక ప్రమాదంలో మునిగిందా అన్నది. సోవియట్ యూనియన్ కొన్ని దశాబ్దాలపాటు రష్యా ఉత్తరాన ఉన్న నోవాయా జెమ్ల్యా దీవుల పక్కన కారా సముద్రంలో, బారెంట్స్ సముద్రంలో వేల కంటైనర్లు పడేసింది, వాటితోపాటు రియాక్టర్లు కూడా. రియాక్టర్ల సంఖ్య ఒకచోట 14, ఇంకోచోట 16 అని ఉంటే ఎవరో అబద్ధం చెప్తున్నారని అనుకోవద్దు, కె-27 సబ్‌మెరైన్‌లో ఉన్న రెండూ కలిపితే 16. ఈ కె-27లో 1968లో రియాక్టర్ ప్రమాదం జరిగి 9 మంది నావికులు చనిపోయారు, తర్వాత 1982లో దాన్ని ఇంధనంతో సహా అదే దీవుల దగ్గర స్టెపొవోయ్ అనే అఖాతంలో సుమారు 30 మీటర్ల లోతులోనే ముంచేశారు. 30 మీటర్లంటే తీరం పక్కనే అన్నట్టు, తలుచుకుంటేనే కోపమొస్తుంది. కె-159 అనే ఇంకో అణు సబ్‌మెరైన్ కథ వేరు, 2003లో తుక్కు చెయ్యడానికి లాక్కెళ్తుంటే తుఫానులో మునిగింది, లోపలున్న 10 మందిలో 9 మంది పోయారు, వాడేసిన ఇంధనం సుమారు 800 కిలోలు ఇప్పటికీ దాంట్లోనే ఉంది.

తర్వాత బెకెరెల్ లెక్క, అంటే రేడియోధార్మికత కొలిచే యూనిట్. సెకనుకి ఒక పరమాణువు విచ్ఛిన్నమైతే ఒక బెకెరెల్, అంటే చాలా చిన్న యూనిట్ కాబట్టి అంకెలు ఎప్పుడూ భయంకరంగానే కనిపిస్తాయి. ఆ అంకె ఏ సంవత్సరానిది అని అడగండి. రష్యాలో శాస్త్రవేత్త యాబ్లొకోవ్ అధ్యక్షతన వేసిన కమిషన్ 1993లో ఈ విషయాలన్నీ బయటపెట్టినప్పుడు దాదాపు 90 పెటాబెకెరెల్స్ (పెటా అంటే ఒకటి పక్కన 15 సున్నాలు) అంది, ఆ తర్వాత అంతర్జాతీయ అణుశక్తి సంస్థ కారా సముద్రంలో పడేసినవాటిని వివరంగా లెక్కేస్తే పడేసిన నాటికి 37, 1994 నాటికి 4.7 అని తేలింది. 37 కాస్తా 4.7 అవ్వడం ఏదో దాచిపెట్టిన వ్యవహారం కాదు, తక్కువకాలం ఉండే పదార్థాలు వాటంతటవే తగ్గిపోతాయి. ఈ చెత్తలో ఉండే రేడియోధార్మిక పదార్థం సీసియం-137 సగమవ్వడానికి 30 ఏళ్ళు పడుతుంది, ప్లుటోనియం-239కి మాత్రం 24 వేల ఏళ్ళు, కాబట్టి తగ్గింది కదా అని వదిలేసే విషయం కూడా కాదు.

శాంపిల్ ఎక్కడ తీశారో తప్పకుండా చూడండి, ఎక్కువమంది మోసపోయేది ఇక్కడే. 1989లో మునిగిన కొమ్సొమొలెత్స్ సబ్‌మెరైన్ దగ్గర 2019లో నార్వే వాళ్ళు పరీక్ష చేస్తే మామూలు సముద్రం నీటికంటే 8 లక్షల రెట్లు సీసియం అని హెడ్‌లైన్లు వచ్చాయి. నిజమే, కానీ ఆ నీళ్ళు తీసింది సబ్‌మెరైన్ వెంటిలేషన్ పైప్ లోపల్నుంచి. అది 1,680 మీటర్ల లోతులో ఉంది, కొంచెం దూరం పోతే అంత నీటిలో కలిసి పల్చబడిపోతుంది, నార్వే శాస్త్రవేత్తలు కూడా చేపలకి ప్రమాదం లేదనే చెప్పారు. అయినా లీక్ అవుతోందన్నది మాత్రం నిజం, అది గుర్తుపెట్టుకోండి.

చట్టం గురించి వార్తలో ఏముందో కూడా చూడండి. 1972 లండన్ ఒప్పందం అధిక స్థాయి అణు వ్యర్థాలని సముద్రంలో పడెయ్యకూడదంది, సోవియట్ యూనియన్ అందులో సభ్యదేశమే, అయినా 1982లో కె-27ని ముంచింది. స్థాయితో సంబంధం లేకుండా అన్ని రేడియోధార్మిక వ్యర్థాల మీద నిషేధం 1993లో వచ్చింది, రష్యా దాన్ని ఒప్పుకున్నది 2005లో. ఇక ఎవరైనా అంటార్కిటికాని కూడా ఇందులో కలిపేస్తే ఆపండి, 1959 అంటార్కిటిక్ ఒప్పందం 5వ అధికరణం అక్కడ అణు వ్యర్థాలు పారెయ్యడాన్ని మొదట్నుంచే నిషేధించింది. 1983లో చేరిన మన దేశానికి కూడా అది వర్తిస్తుంది.

నేను అన్నిటికంటే ముఖ్యం అనుకునేది, కొలిచేది ఎవరు అన్న ప్రశ్న. 1992 నుంచి 1994 దాకా, మళ్ళీ 2012లో, నార్వే రష్యా శాస్త్రవేత్తలు ఒకే ఓడలో వెళ్ళి ఆ డంపింగ్ చోట్ల నీరు, మట్టి, చేపలు పరీక్షించారు, అందుకే ఆ రిజల్ట్స్‌ని రెండు దేశాలూ నమ్మాయి. చెత్త సముద్రంలోకి పోకుండా ఆపింది కూడా ఇలాంటి సహకారమే. రష్యా ఉత్తర తీరంలోని మూర్మాన్స్క్‌లో ద్రవ వ్యర్థాలు శుద్ధి చేసే ప్లాంట్ పెంచడానికి నార్వే, అమెరికా సాయం చేశాయి, జర్మనీ డబ్బుతో అక్కడి సైదా బేలో పాత సబ్‌మెరైన్ల రియాక్టర్లు దాచే చోటు కట్టారు, ఇటలీ అణు వ్యర్థాలు మోసే రోస్సితా అనే ఓడ ఇచ్చింది, పాత నౌకాదళ నిల్వ కేంద్రం ఆంద్రేయెవా బే నుంచి వాడేసిన ఇంధనం తరలించడం 2017లో మొదలైంది. కె-27, కె-159 పైకి తియ్యాలన్న ప్లాన్లు కూడా కదులుతుండగా 2022లో ఉక్రెయిన్ యుద్ధం వచ్చి ఈ సహకారం చాలావరకు ఆగిపోయింది.

కాబట్టి ఇకమీదట ఏ రిపోర్ట్ చూసినా చివరిసారి అక్కడ శాంపిల్ తీసిన తేదీ ఏంటి, తీసినప్పుడు పక్కన ఇంకో దేశం వాళ్ళు ఎవరైనా ఉన్నారా అని వెతకండి. రెండిట్లో ఏదీ దొరక్కపోతే "సేఫ్" అని ఉన్నా "డేంజర్" అని ఉన్నా షేర్ చెయ్యకండి.