పునీతుల కార్డులు పాడవకుండా దాచడం, ఇంట్లో పెట్టుకోవడం ఎలా?

ప్రార్థన పుస్తకంలో నాలుగు, బైబిల్లో రెండు, సొరుగు అడుగున రబ్బరు బ్యాండు వేసిన కట్ట ఒకటి. పునీతుల కార్డులు, అంటే ముందు పునీతుల (సెయింట్ల) బొమ్మ, వెనక ప్రార్థన అచ్చేసిన చిన్న హోలీ కార్డులు, చాలా కథోలిక ఇళ్లలో ఇలా తలో చోట ఉంటాయి. ముందు అన్నిటినీ ఒక దగ్గరికి చేర్చండి. చేతులు కడుక్కుని, తడి పూర్తిగా ఆరాక, పొడి టేబుల్ మీద పరవండి. రబ్బరు బ్యాండ్లు, క్లిప్పులు తీసి పారేయండి. రబ్బరు కరిగి అంటుకుంటుంది, క్లిప్పు తుప్పు మరక వదులుతుంది. దుమ్ముంటే మెత్తటి పొడి బ్రష్‌తో దులపండి. తడిగుడ్డ మాత్రం వద్దు.

పాత ఆల్బమ్‌లో జిగురు పేజీకి అతుక్కుపోయిన కార్డును గోటితో లాగొద్దు. పళ్ల సందులు శుభ్రం చేసే డెంటల్ ఫ్లాస్ ఉంటుంది కదా, మైనం పూయనిది తీసుకోండి. కార్డు మూల వెనక్కి దారం పోనిచ్చి, రెండు చివరలూ పట్టుకుని రంపం కోసినట్టు మెల్లగా అటూ ఇటూ జరపండి. చాలావరకు చిరగకుండా ఊడివస్తుంది. రాకపోతే ఆ పేజీని అలాగే ఉంచేయడం నయం.

తర్వాత వెనక వైపు చూడండి. ముందున్న బొమ్మ వేల కార్డుల మీద ఒకేలా అచ్చయి ఉండొచ్చు. వెనక మాత్రం ఒకరి ప్రథమ దివ్యసత్ప్రసాదం (ఫస్ట్ కమ్యూనియన్) తేదీ, ఒక ఫాదర్‌గారి గురుపట్టాభిషేకం, చనిపోయినవారి పేరు, ప్రార్థన ఉంటాయి. కార్డు ఎవరిచ్చారో గుర్తుంటే ఇప్పుడే మెత్తటి పెన్సిల్‌తో, ఒత్తకుండా ఒక మూల రాసి పెట్టండి. పెన్ను వద్దు, సిరా ఇవతలికి ఊరుతుంది.

దాచడానికి పాలీప్రొపిలిన్ లేదా పాలిస్టర్ కవర్లు కొనండి. కొత్త ప్లాస్టిక్ వాసన గుప్పుమనే పీవీసీ కవర్లు కాలం గడిచేకొద్దీ అచ్చుకు అంటుకుంటాయి. ఆటల కార్డుల కోసం చేసే తొమ్మిది అరల షీట్లలో పొడవాటి హోలీ కార్డులు పట్టవు. 4×6 అంగుళాల ఫోటో అరలు హాయి. కాగితాన్ని లేసులా కత్తిరించిన పాత కార్డులను, పునీతుల అవశేషాలకు తాకించిన చిన్న గుడ్డముక్క అతికించిన అవశేష కార్డులను ఒక్కొక్కటీ విడి కవర్లో, వెనక యాసిడ్ లేని అట్టముక్కతో ఉంచండి. లామినేషన్ జోలికి అసలు పోవద్దు. ఆ వేడి, ఆ జిగురు మళ్లీ వెనక్కి తీసుకోలేనివి. సెల్లోటేపు కూడా అంతే.

కవర్లను యాసిడ్ లేని పెట్టెలో నిలువుగా, మరీ బిగించకుండా పెట్టండి. పెట్టెను వంటింటికి, బాత్రూమ్ గోడకు దూరంగా ఉంచాలి. చెమ్మ ఉంటే సిలికా జెల్ ప్యాకెట్ వేయండి. పేర్ల వరుస కన్నా పండుగల నెలల వారీగా సర్దితే మేలు.

ఎందుకంటే అన్నీ ఒకేసారి గోడకెక్కించకూడదు. వెలుతురు చేసే నష్టం పోగవుతూనే ఉంటుంది, వెలిసిన రంగు తిరిగి రాదు. రెండో మూడో బయట పెట్టి, పండుగలను బట్టి మార్చండి: మార్చి 19కి పునీత యోసేపు, మేలో మరియమాత, జూన్ 13కి పునీత అంతోని, అక్టోబర్ 1కి చిన్న తెరేసమ్మ, నవంబర్‌లో మన చనిపోయినవారి కార్డులు. ప్రార్థన చదువుకోవాలనుకుంటే ఫ్రేమ్ కన్నా చిన్న స్టాండే సులువు. ఫ్రేమ్ కట్టిస్తే కార్డు అద్దానికి తగలకుండా మధ్యలో మౌంట్ అట్ట వేయించండి, కార్డును జిగురుతో కాక ఫోటో మూలలతో (కార్డు మూలలను పట్టి ఉంచే చిన్న జేబులు) నిలపండి. ఎండ పడే గోడ వద్దు. కొవ్వొత్తి పక్కన పెడితే మసి, వేడి రెండూ తగులుతాయి. అరుదైన కార్డయితే కలర్ కాపీ బయట పెట్టి, అసలుది పెట్టెలోనే ఉంచండి.

ఇక బాగుచేయలేనంతగా చిరిగినవి. ఆశీర్వదించిన వస్తువులను గౌరవంగా చూడాలని శ్రీసభ (కథోలిక చర్చి) చట్టం 1171వ నియమం చెబుతోంది. అందుకే వాటిని చెత్తబుట్టలో వేయరు. కాల్చి బూడిదను మట్టిలో కలపడం, లేదా ఎవరూ తొక్కని చోట పాతిపెట్టడం ఆనవాయితీ. అలా చేసే ముందు వెనక ఉన్న పేరు, తేదీ ఒక నోట్‌బుక్‌లోకి ఎక్కించుకోండి.