లేఅవుట్ చెదిరినప్పుడు: స్క్రీన్ రీడర్‌తో పనిచేసే వెబ్ డెవలపర్లకు సమస్య - పరిష్కారం

తెరపై ఉన్నదాన్ని చదివి వినిపించే స్క్రీన్ రీడర్ పేజీని కోడ్‌లో ఉన్న వరుసలోనే చదువుతుంది కనుక, ఎన్‌వీడీఏ, జాస్ వంటి స్క్రీన్ రీడర్లు ఎక్కడా తడబడకుండా చదివినంత మాత్రాన లేఅవుట్ కుదురుగా ఉందని నమ్మడానికి వీల్లేదు. అయితే తెరపై ప్రతి ఎలిమెంట్ ఎక్కడుందో, ఎంత స్థలం తీసుకుందో బ్రౌజర్ దగ్గర అంకెల్లో ఉంటుంది. ఎఫ్12 నొక్కి, కోడ్ రాసి నడిపించే బ్రౌజర్ కన్సోల్‌లో ఆ అంకెలను రాబట్టడంతోనే మరమ్మతు మొదలవుతుంది.

సమస్య: ఫోన్‌లో పేజీ పక్కకు జరుగుతోందని వాడేవారు చెబుతున్నారు

ముందుగా, పేజీని ఎంత వెడల్పున పరచాలో ఫోన్ బ్రౌజర్‌కు చెప్పే వ్యూపోర్ట్ మెటా ట్యాగ్ ఉందో లేదో చూడాలి. అది లేకపోతే ఫోన్ బ్రౌజర్లు సాధారణంగా పేజీని 980 పిక్సెళ్ల వెడల్పున పరిచి కుదించి చూపుతాయి. ట్యాగ్ ఉన్నా సమస్య ఉంటే, 320 పిక్సెళ్ల వెడల్పున్న ఐఫ్రేమ్‌లో (ఒక పేజీలో మరో పేజీని చూపే చట్రంలో) అదే పేజీని తెరవాలి. కిటికీ అంచును మౌస్‌తో లాగనవసరం లేని ఈ పద్ధతిలో తెర వెడల్పును బట్టి రూపాన్ని మార్చే మీడియా క్వెరీలు కూడా ఐఫ్రేమ్ వెడల్పునే లెక్కలోకి తీసుకుంటాయి. ఆ పేజీ స్క్రోల్‌విడ్త్ (లోపలి విషయం మొత్తం వెడల్పు) దాని క్లయింట్‌విడ్త్ (కనిపించే వెడల్పు) కంటే ఎక్కువగా ఉంటే ఏదో ఒకటి అంచు దాటిందన్నమాట. అప్పుడు ఎలిమెంట్లన్నింటిపైనా లూప్ నడిపి, గెట్‌బౌండింగ్‌క్లయింట్‌రెక్ట్ ఇచ్చే కుడి అంచు విలువ ఆ వెడల్పును మించినవాటి పేర్లను ప్రింట్ చేయించుకుంటే దోషి దొరుకుతుంది.

కారణాలు ఎక్కువగా మూడే. పిక్సెళ్లలో బిగించిన వెడల్పును మాక్స్-విడ్త్‌గా మార్చాలి. నూరు శాతం వెడల్పుకు ప్యాడింగ్ తోడై పొంగిపోతే బాక్స్-సైజింగ్‌కు బోర్డర్-బాక్స్ విలువ ఇవ్వాలి. ఫ్లెక్స్ ఐటమ్‌లో పొడవైన లింకు ఇరుక్కుంటే, ఆ ఐటమ్‌కు మిన్-విడ్త్ సున్నా ఇచ్చి, పదం విరిగేలా ఓవర్‌ఫ్లో-ర్యాప్ పెట్టాలి. ఓవర్‌ఫ్లోను హిడెన్ చేసి చేతులు దులుపుకోవడం మాత్రం పరిష్కారం కాదు. స్క్రోల్ పోతుంది, దానితోపాటు చదవాల్సిన పాఠం కూడా తెగిపోతుంది.

సమస్య: ఎంటర్ నొక్కితే బటన్ పనిచేస్తోంది, మౌస్‌తో నొక్కితే పనిచేయడం లేదు

స్థానం బిగించిన హెడరో, మూసినా తొలగని పారదర్శకమైన పాపప్ పొరో బటన్‌ను కప్పి ఉండవచ్చు. బటన్‌ను తెరమీదికి స్క్రోల్ చేసి, దాని నడిమి బిందువు కొలతలను, ఆ బిందువు దగ్గర పైన ఏ ఎలిమెంట్ ఉందో చెప్పే ఎలిమెంట్‌ఫ్రమ్‌పాయింట్‌కు ఇవ్వాలి. జవాబుగా ఆ బటన్ గానీ దాని లోపలి భాగం గానీ కాక మరేదైనా వస్తే, అడ్డుగా ఉన్నది అదే. పాపప్ మూసినప్పుడు ఒపాసిటీని సున్నా చేయడం చాలదు, డిస్‌ప్లేను నన్ చేయాలి.

సమస్య: తెలుగు శీర్షికల్లో వత్తులు తెగిపోయి కనిపిస్తున్నాయి

ఇంగ్లిషు అక్షరాలకు సరిపోయిన 1.2 లైన్-హైట్ మన గుడులకూ వత్తులకూ ఇరుకవుతుంది. దానికి తోడు పెట్టెకు ఎత్తు బిగించి ఓవర్‌ఫ్లోను హిడెన్ చేస్తే కింది వత్తు మాయమవుతుంది. అక్షరపు గీత పెట్టె దాటినా స్క్రోల్‌హైట్ దాన్ని లెక్కించకపోవచ్చు కనుక ఇక్కడ కొలతను నమ్ముకోకుండా, లైన్-హైట్‌ను 1.6 దాకా పెంచి, ఎత్తు బదులు మిన్-హైట్ వాడటం క్షేమం.

సమస్య: అక్షరాలు వెలవెలబోతున్నాయి

అక్షరాల రంగుకూ వెనుక రంగుకూ మధ్య కాంట్రాస్ట్ మామూలు పాఠానికి కనీసం 4.5:1, పెద్ద అక్షరాలకు 3:1 ఉండాలి. తెల్లని నేపథ్యంపై #777777 బూడిద రంగు 4.48 దగ్గరే ఆగి విఫలమవుతుంది, #767676 గట్టెక్కుతుంది. వెనుక ఫోటో ఉంటే లెక్క కుదరదు కాబట్టి, పాఠం కింద ఒకే రంగు పట్టీ వేయాలి.

సమస్య: అంతా సరిగ్గానే ఉన్నా, చూసినవారు 'ఏదో తేడాగా ఉంది' అంటున్నారు

ఖాళీలు ఒకచోట 13, మరోచోట 15, ఇంకోచోట 18 పిక్సెళ్లుగా ఉండటం తరచుగా దీనికి కారణం. 8, 16, 24, 32 వంటి కొద్ది విలువలను సీఎస్‌ఎస్ వేరియబుల్స్‌గా పెట్టుకుని అవే వాడాలి. ఒకే నిలువు వరుసలోని కార్డుల ఎడమ అంచులను ప్రింట్ చేసి, 24 మధ్యలో 26 తొంగిచూస్తే సరిచేయాలి. ఆ తర్వాతే చూపున్న సహోద్యోగిని అడగాలి. 'ఎలా ఉంది?' అంటే 'బాగుంది' అనే వస్తుంది. 'శీర్షిక తన పేరాకు దగ్గరగా కనిపిస్తోందా, పై పేరాకా?' అని అడిగితే, ఏ మార్జిన్‌ను మార్చాలో ఆ జవాబే చెబుతుంది.